మేడ్చల్ దాటని కాశీ ప్రయాణం

మమ్మల్ని కాశీకి సాగనంపిన పొద్దున మా ఇంటి ముందు డప్పులు మోగాయి. వాటిని కొట్టించింది మా నాయినే. అవ్వకు ఇష్టం లేదు. "పోయొచ్చినంక కొట్టిస్తె మంచిగుంటది గదరా, ఇప్పుడెందుకు" అన్నది. కొడుకు వినలేదు. డప్పుల మోతకు ఊరంతా వాకిళ్లలోకి వచ్చింది. ఆయనకు కావలసింది కూడా అదే.

మాది శామీర్‌పేట దగ్గర ఒక పల్లె. తొంభైల ఆఖరు రోజులు. మా చుట్టుపక్కల జొన్న చెలకలు ఒక్కొక్కటే హద్దురాళ్లు పాతిన ప్లాట్లుగా మారుతున్నాయి. నాయిన కూడా తన వాటాకు వచ్చిన రోడ్డు పక్క చెలక అమ్మి ఒక తెల్ల కారు కొన్నాడు. కొత్తది కాదు. సిటీలో ఎవరో ఏళ్ల తరబడి తిప్పి వదిలించుకున్నది. అయినా మా ఊళ్లో అప్పటికి అదొక్కటే కారు. నాయిన అన్న, మా పెద్దనాయిన, తన చెలక అమ్మలేదు. కారు వచ్చిన రోజు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "సిటీకి పో, రా. దూరం మాత్రం పోకు దీంతోని" అన్నాడు. మంచి మాటే. కానీ నలుగురిలో అన్నాడు. నాయిన మొహం ఎర్రబడింది. "దూరమే పోత. అవ్వను కూసోబెట్టుకోని కాశికి తీస్కపోత, సూస్తుండు" అన్నాడు.

కాశీకి పోవాలన్నది అవ్వ కోరిక. తాత పోయినప్పటి నుంచీ ఉన్నది. గంగలో నిలబడి ఆయన పేరు చెప్పి దోసెడు నీళ్లు వదలాలని అనేది. మేడ్చల్ మీదుగా పోయే పెద్ద రోడ్డు పట్టుకుంటే నాగ్‌పూర్, జబల్‌పూర్ దాటి నేరుగా కాశీకే పోవచ్చని ఎవరో లారీ డ్రైవరు చెప్పినప్పటి నుంచి నాయినకు నిద్ర పట్టలేదు. అమ్మ పచ్చళ్లు, రొట్టెలు కట్టింది. నాకు పన్నెండేళ్లు. బడి ఎగ్గొట్టి అంత దూరం పోతున్నానని నా సంతోషం నాది.

ఊరివాళ్లు కారు చుట్టూ మూగి, తలా ఒక మాట చెప్పారు. గంగనీళ్లు తెమ్మన్నారు, కాశీ దారాలు తెమ్మన్నారు. అవ్వ చిన్ననాటి స్నేహితురాలు ఒకామె ఉండేది. బెస్తవాళ్ల ఆడమనిషి. చెరువు చేపలు ఇంటింటికీ తిరిగి అమ్మేది. నేను ఆమెను చేపలవ్వ అనేదాన్ని. ఆమెకు అప్పటికే దగ్గు, ఆయాసం. గోడ పట్టుకుంటూ వచ్చి, "అక్కా, నాకు ఇన్ని నీళ్లు తే. నేనింక లేస్తనో లేవనో" అన్నది. అవ్వ ఆమె చేతులు పట్టుకుని "తెస్త, నువ్వు ఉండు" అన్నది.

మేడ్చల్ బజారు దాటి కొంచెం దూరం పోయామో లేదో, అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఏందో కాలిన వాసన వస్తాంది" అన్నది.

"లారీల పొగ" అన్నాడు నాయిన.

ఇంకాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. నాయిన వేగం తగ్గించలేదు, పెంచాడు. తొందరగా పోతే గాలి తగిలి చల్లబడుతుందనుకున్నాడేమో. లోపల ఏదో గట్టిగా కొట్టుకున్నట్టు చప్పుడైంది. కారు కొంత దూరం ఊరికే దొర్లి, రోడ్డు పక్కన తుమ్మచెట్ల కింద ఆగిపోయింది. నాయిన ఎంత తాళం తిప్పినా మళ్లీ పలకలేదు.

ఆయన దిగి మొదట చేసిన పని బానెట్ తెరవడం కాదు. దాని మీద కట్టిన బంతిపూల దండ తెంపి కాలువలోకి విసిరేశాడు. అది ఉంటే పోయే బస్సుల్లోని వాళ్లంతా మావైపే చూస్తున్నారు.

ఒక ట్రాక్టరుకు మోకు కట్టి కారును మేడ్చల్‌కు వెనక్కి లాక్కొచ్చారు. షెడ్డులో మిస్త్రి మూత ఎత్తి చూసి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ఇంజన్ సీజైంది పటేలా. మొత్తం ఇప్పాలె. సామాను సిటీ నుంచి రావాలె" అన్నాడు.

"ఎన్ని దినాలైతది?"

"సామాను దొరికితే జల్దీ అయితది. దొరకకుంటె చెప్పలేను."

అమ్మ మెల్లగా, "ఇంటికి పోదాం. కారు బాగైనంక మల్ల పోవచ్చు" అన్నది.

నాయిన ఆమె వైపు తిరిగిన తీరు నాకు గుర్తుంది. కోపం కాదు, భయం. "డప్పులు కొట్టించుకోని వచ్చిన. పొద్దు గూకకముందే ఏం మొఖం పెట్టుకోని పోవాలె? అన్న ముంగట ఎట్ల నిలవడాలె?" అన్నాడు.

మేడ్చల్‌లో నాయినకు తెలిసిన ఒకాయన రైస్‌మిల్లు నడిపేవాడు. మిల్లు వెనకాల గోనెసంచులు పెట్టుకునే గది ఒకటి ఖాళీ చేసి ఇచ్చాడు. కారు బాగయ్యేవరకు అక్కడే ఉండాలని, బాగు కాగానే అట్నుంచి అటే కాశీకి పోవాలని నాయిన నిర్ణయం. ఆ గదిలో ఎటు చెయ్యి పెట్టినా తవుడే. మిల్లు ఆడుతుంటే గోడ వణికేది. మా ఊరు అక్కడికి బస్సులో అరగంట. ఆ అరగంట దూరంలో నలుగురం దాక్కున్నాం.

పగలు బయటికి రావద్దని నాయిన చెప్పాడు. మా ఊరివాళ్లకు సంతకైనా, మందులకైనా మేడ్చలే. ఒక పొద్దున అమ్మ బోరింగు దగ్గర నీళ్లు కొడుతుంటే మా ఊరి పాలాయన సైకిలు మీద అటుగా వచ్చాడు. అమ్మ కొంగు మొహానికి కప్పుకుని, బకెట్ అక్కడే వదిలి లోపలికి పరుగెత్తుకొచ్చింది. తలుపు మూసి, సంచుల మీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే ఉంది అనుకున్నాను. చూస్తే కళ్లనిండా నీళ్లు. "దొంగతనం జేసినోళ్ల తీరుగ అయిపోయింది బతుకు" అన్నది. సాయంత్రం నాయిన వచ్చాక అమ్మ ఈ సంగతి చెప్పింది. ఆయన అడిగింది ఒక్కటే. "నిన్ను సూసిండా?"

అవ్వ మొదట్లో రోజూ పొద్దున్నే అడిగేది. "కారు మంచిగ ఉంటే ఈ యాల్లకు ఏడ ఉందుమురా?"

"నాగ్‌పూర్ల ఉందుమవ్వా" అనేవాడు నాయిన.

మర్నాడు జబల్‌పూర్. ఆ మర్నాడు ఇంకేదో పేరు, తనకూ సరిగా తెలియనిది. చివరికి ఒకరోజు, "కాశిల్నే ఉందుము గదవ్వా. సామాను రేపు వస్తదట" అన్నాడు. అవ్వ ఆ తర్వాత అడగడం మానేసింది. కిటికీ లేని గోడ వైపు తిరిగి పడుకునేది.

సామాను వచ్చింది. ఇంజన్ పలికింది కూడా. నాయిన మొహం వెలిగింది. మిస్త్రి ఆ వెలుగును ఎంతోసేపు ఉండనివ్వలేదు. "శామీర్‌పేట, అల్వాల్, గిట్ల తిప్పుకో పటేలా. దూరం పోకు. తొవ్వల ఆగితే నన్ను అనకు" అన్నాడు. అప్పటికి మేము ఆ గదిలోకి వచ్చి వారం దాటింది. మాకు పెట్టడం మిల్లాయన ఇంటివాళ్లకు కూడా భారమవుతున్నదని అమ్మకు తెలుస్తూనే ఉంది.

"రైల్ల పోదాంరా" అన్నది అవ్వ.

"రైల్ల పోతే కారేమైందని అడుగరా?" అన్నాడు నాయిన. అవ్వ మళ్లీ గోడ వైపు తిరిగి పడుకున్నది. అప్పుడే నాకు తెలిసింది, మేము కాశీకి పోవడం లేదని. కానీ పోయొచ్చినట్టు ఇంటికి పోతామని మాత్రం ఊహించలేదు.

మర్నాడు నాయిన మేడ్చల్ బజారులో నల్ల దారాల కట్ట కొన్నాడు. చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాలు కొన్నాడు. ఇంకో రెండు రోజులు ఆగి, కాశీకి పోయొచ్చేంత సమయం అయిందనిపించాక, కారు తీశాడు. శామీర్‌పేట చెరువు దగ్గర కట్ట పక్కన ఆపాడు. నిండు చెరువు. అవతల ఎవరో గొర్లను కడుగుతున్నారు.

నాయిన సీసాలు ముంచుతుంటే అమ్మ తన కొంగు అంచుతో వడకట్టింది. మూతలు పెట్టే పని నాది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అవ్వ కారు దిగలేదు. చెరువుకు వీపు పెట్టి కూర్చుంది. నాయిన వచ్చి తలుపు దగ్గర వంగి, "అవ్వా, ఒక్కసారి నా ఇజ్జత్ కాపాడు. నువ్వేం జెప్పకు, ఊకె ఉండు" అన్నాడు.

"నేను అబద్ధమాడ" అన్నది అవ్వ. "నన్ను ఎవలు అడగకుంట సూస్కో."

ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం వాళ్లకేముంది? కాశీకి పోయొచ్చినవాళ్ల కాళ్లు కడిగి మొక్కితే పుణ్యమని ఆడవాళ్లు చెంబులతో వచ్చారు. అవ్వ పాదాలు వెనక్కి లాక్కున్నది. వాళ్లు పట్టుకుని మరీ నీళ్లు పోశారు, పసుపు రాశారు. అవ్వ రెండు చేతులూ మొహానికి పెట్టుకుని ఏడ్చింది. "గంగమ్మను సూసొచ్చింది, మనసు కరిగింది" అన్నారు. నాయిన సీసాలు పంచాడు. పెద్దనాయిన కూడా ఒకటి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "నేను తప్పు జెప్పిన. మస్తు పని జేసినవ్" అన్నాడు. ఆ మాట కోసమే నాయిన ఇదంతా చేశాడు. అది విన్నప్పుడు ఆయన తల ఎత్తలేకపోయాడు.

నన్ను పిల్లలు కాశీ ఎట్లుంటదని అడిగారు. జ్వరం వచ్చి కారులోనే పడుకున్నానని అమ్మ చెప్పమన్నది. అదే చెప్పాను. "అంత దూరం పోయి ఏం సూడలేదా?" అని వాళ్లు జాలిపడ్డారు. ఆ జాలికి నాకు అన్నం సయించలేదు.

వచ్చిన రెండో రోజు పొద్దున చేపలవ్వ కొడుకు మా వాకిట్లో నిలబడ్డాడు. తల్లి పరిస్థితి బాగా లేదట. రాత్రంతా గురక పెట్టిందట. "అమ్మ గంగనీళ్లు అడుగుతాంది పటేలా. నోట్లె పొయ్యాలె" అన్నాడు. నాయిన నావైపు ఒకసారి చూశాడు. నేను అరుగు మీదే ఉన్నాను. లోపలికి పోయి సీసా తెచ్చి ఇచ్చాడు. ఆ మనిషి దాన్ని రెండు చేతులతో అందుకుని, తలకు తాకించుకుని పోయాడు.

అవ్వ స్నానం చేసి తడి తలతో బయటికి వచ్చింది. "ఎవలు వచ్చింది?"

నాయిన చెప్పాడు. చెప్పేటప్పుడు దూడను కట్టేస్తున్నట్టు నటిస్తున్నాడు. అవ్వ కర్ర తీసుకుని మెట్లు దిగింది. "అవ్వా, ఆగు" అని నాయిన అన్నాడు గానీ వెంట రాలేదు. నేను వెళ్లాను.

చేపలవ్వ గుడిసెలో నులక మంచం చుట్టూ మనుషులున్నారు. కొడుకు అప్పటికే సీసా మూత తీసి, తల్లి తల కింద చెయ్యి పెట్టి లేపుతున్నాడు. అవ్వ గుమ్మంలోనే నిలబడి, "ఆగు బిడ్డా. అవి గంగనీళ్లు కావు" అన్నది.

అందరూ ఆమెను చూశారు.

"మేము కాశికి పోలేదు. కారు ఖరాబైంది. అవి మన చెరువు నీళ్లే."

చేపలవ్వ కళ్లు తెరిచి అవ్వను చూసింది. ఊపిరి అందనట్టు మాట మాటకూ ఆగుతూ, "మరి ఇన్ని దినాలు ఏడున్నరు అక్కా?" అన్నది.

"మేడ్చల్ల. మిల్లు ఎనక అర్రల."

"మేడ్చల్లనా?" అన్నది ఆమె. నవ్వు వచ్చింది. నవ్వు దగ్గయింది, ఆ దగ్గుకు ఒళ్లంతా ఎగిరెగిరి పడింది. కోడలు వీపు రాస్తూ ఉంది. ఇంకెవరూ నవ్వలేదు. కొడుకు సీసాకు మూత పెట్టి, అవ్వ చేతికి ఇవ్వకుండా నా చేతికిచ్చాడు. "తీస్కపో బిడ్డా" అన్నాడు. "పటేలు ఇచ్చిండని నమ్మి తల్లి నోట్ల పోస్తుంటి." గట్టిగా కూడా అనలేదు. నేను ఆ సీసా పట్టుకుని మా వాడకట్టు పొడుగునా నడిచి వచ్చాను. సీసా చిన్నదే అయినా, లంగా మడతల్లో దాచుకుందామంటే అందరూ చూస్తూనే ఉన్నారు.

ఇంటికి రాగానే అవ్వ నాయినతో, "ఎన్ని ఇండ్లల్ల ఇచ్చినవో అన్ని ఇండ్లకు పోయి జెప్పు. ఎవలింట్ల ఎవలు పాణం మీద ఉన్నరో నీకు తెలుస్తదా?" అన్నది. నాయిన స్తంభం వదిలి లేచాడు. తర్వాత చెప్పులేసుకున్నాడు. ఒంటరిగా పోవడానికి కాళ్లు రాలేదేమో, "నువ్వు గూడ రా బిడ్డా" అన్నాడు.

మొదటి ఇంట్లో కొత్తగా గృహప్రవేశం చేసుకున్న ఆమె. ఆ నీళ్లు గదిగదికీ చల్లుకున్నదట. నాయిన చెప్పింది విని, "ఇప్పుడు గోడలన్ని కడుక్కోవాల్నా నేను?" అన్నది. నిజంగానే అడిగింది.

రెండో ఇంట్లో ఒక ముసలాయన ఎండలో మంచం వేసుకుని కూర్చున్నాడు. మొత్తం విని కోపానికి వచ్చాడు. నీళ్ల గురించి కాదు. "నాకెందుకు జెప్పినవ్? రాత్రి ఇన్ని తాగి నిమ్మలంగ పండుకున్న. జెప్పకుంట ఉంటే నీ సొమ్మేం పోయె?" అన్నాడు. నాయిన "తప్పయింది" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను అంతకు ముందు వినలేదు. వినడం బాగా లేదు. ఎవరైనా పక్కనుంచి పోతారేమోనని నేను వీధి వైపే చూస్తున్నాను.

ఇంకో రెండు మూడు ఇళ్లు అలాగే అయ్యాయి. ఒక ఇంట్లో వాళ్లు సీసా తెచ్చి గడప బయట పెట్టారు. పెద్దనాయిన ఇంటికి పోయే మలుపు రాగానే నాయిన ఆగిపోయాడు. పక్కన పడి ఉన్న పాత రోలు మీద కూర్చున్నాడు. "నాతోని కాదు. మీ అమ్మను పిలువుపో" అన్నాడు.

అమ్మ పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని వచ్చింది. భర్తను చూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, నేరుగా పెద్దనాయిన ఇంట్లోకే మొదట పోయింది. మిగిలిన ఇళ్లన్నీ ఆమే తిరిగింది. ఎవరెవరు ఏమన్నారో మాకు ఎప్పటికీ చెప్పలేదు. తిరిగొచ్చి మళ్లీ పొయ్యి అంటించింది. ఆ మధ్యాహ్నం అన్నం తిన్నది ఆమె ఒక్కతే.

సాయంత్రం పెద్దనాయిన వచ్చాడు. నాయిన లేచి నిలబడ్డాడు. పెద్దనాయిన ఏదో అంటాడని, అంటే బాగుండునని నేను అనుకున్నాను. ఆయన తమ్ముడిని ఒక్క మాట అనలేదు. అవ్వ పక్కన కూర్చుని, "అవ్వా, వచ్చే నెల రైల్ల నేను తీస్కపోత" అన్నాడు.

అవ్వ తల అడ్డంగా ఊపింది. "వద్దు. నీతోని నేను పోతే, ఈడు ఇంక ఊర్లె తలెత్తుకోని తిరుగడు. గంగ ఏడికి పోదు."

ఈ మాట నాయిన ముందే అన్నది. ఆయన లేచి దొడ్లోకి పోయాడు.

చేపలవ్వ ఆ గండం గడిచి బతికింది. కొన్ని నెలలకు మళ్లీ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. అవ్వతో మాటలు ఎప్పటిలాగే. కానీ అంతకు ముందు మా అరుగు మీద కూర్చోగానే మంచినీళ్లు అడిగే మనిషి, ఆ తర్వాత అడగలేదు. అమ్మ తెచ్చి పెట్టినా, "వద్దు, ఇప్పుడే తాగొచ్చిన" అనేది. ఆమెకు మా ఇంట్లో ఎప్పుడూ వేరే గిలాస ఉండేది, గోడ గూట్లో. పెద్దయ్యాక ఆ రెండు సంగతులూ కలిపి ఆలోచిస్తే, మేము సిగ్గుపడాల్సిన విషయాల్లో కారు చాలా చిన్నది అనిపించింది.

ఊళ్లో కొన్నాళ్లు నవ్వుకున్నారు. ఎవరైనా మేడ్చల్ పోతున్నానంటే "కాశికా?" అనేవాళ్లు. నాయిన హోటల్ దగ్గర చాయ తాగడం మానేశాడు. కారు కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చి, ఒకరోజు పాత ఇనుముకు పోయింది. తర్వాత ఆయన మళ్లీ అవ్వను కాశీకి తీసుకుపోతానని అనలేదు. అనడానికి ధైర్యం చాలలేదనుకుంటాను. ఆమె కూడా అడగలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, అవ్వ పోయింది. అస్థికలు ఎక్కడ కలపాలన్న మాట వచ్చింది. గోదావరి దగ్గరని కొందరన్నారు. నాయిన లేచి పెద్దనాయిన దగ్గరికి పోయాడు. ఇద్దరూ పెద్దవాళ్లయ్యారు. ఇద్దరికీ గుండు గీసి ఉంది.

"అన్నా, కాశికి పోదాం. రైల్ల" అన్నాడు.

"నువ్వు పోయిరారాదు? నాకు మోకాళ్లు నొస్తున్నయ్" అన్నాడు పెద్దనాయిన.

మేమంతా అక్కడే ఉన్నాం, అమ్మ, నేను, పెద్దమ్మ. మా అందరి ముందే నాయిన అన్నాడు.

"నువ్వు గూడ రావాలె అన్నా. నేనొక్కన్నే పోతే ఎవలు నమ్మరు."

పెద్దనాయిన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. "సంచి సర్దు" అని పెద్దమ్మకు చెప్పాడు.

వాళ్లు పోయేటప్పుడు నాయిన ఎవరినీ బస్టాండు దాకా రానివ్వలేదు. తిరిగొచ్చాక మా ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్లకు, ఘాట్ల మెట్ల గురించి, పడవ గురించి, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో పెద్దనాయినే చెప్పాడు. నాయిన తలుపు పక్కన నిలబడి వింటూ ఉన్నాడు. మధ్యలో ఎవరో ఆయన వైపు తిరిగి ఏదో అడిగితే, అన్న మొహం చూసి, ఆయన తల ఊపాక, అవునన్నాడు.